స్పానరు కన్నా ముందు మీటరు

(కర్నూలులో ఐ.టి.ఐ. విద్యార్థులకు, ట్రావెల్స్ డ్రైవర్లకు, సొంత వ్యాన్లున్న కుటుంబాలవారికి ఇచ్చిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. నేను ఈ ఊళ్లో బండ్ల వైరింగు పనిలో దాదాపు ముప్పై ఏళ్లుగా ఉన్నాను. ఏడెనిమిది మంది కూర్చునే కుటుంబ వ్యానులో కరెంటు దోషం వచ్చినప్పుడు దానిని ఎలా వెతికి పట్టుకోవాలో చెప్పమని మీరు అడిగారు. మంత్రాలయానికి, మహానందికి, అహోబిలానికి, తిరుమలకు అవ్వాతాతలనూ పసిపిల్లలనూ ఎక్కించుకొని మనవాళ్లు బయలుదేరేది ఇటువంటి వ్యానులోనే. 44వ నంబరు జాతీయ రహదారి మీద రాత్రి పదకొండు గంటలకు అది ఆగిపోతే లోపలున్న వారందరూ చీకట్లో రోడ్డు పక్కన నిలబడవలసి వస్తుంది. అందుచేత ఈ పనిని నేను ఎన్నడూ చిన్న పనిగా చూడలేదు.

నా షెడ్డుకు వచ్చేవారి నోట తరచుగా వినే మాట ఒకటుంది. "అన్నా, పోయిన నెలే కొత్త బ్యాటరీ ఏయించినాం, మళ్లీ సెల్ఫ్ ఎత్తుకోల్యా." ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే ఆ కుటుంబం అప్పటికే వేల రూపాయలు ఖర్చు పెట్టి ఉంటుంది, దోషం మాత్రం ఎక్కడ ఉన్నదో అక్కడే ఉంటుంది. బ్యాటరీ మార్చినవాడు మోసగాడు కాకపోవచ్చు. అతడు కొలవలేదు, అంతే. నేనూ పని నేర్చుకున్న తొలి రోజుల్లో ఒక వ్యానుకు మంచి డైనమోను, అంటే నడిచే బండిలో బ్యాటరీని చార్జ్ చేసే యంత్రాన్ని, విప్పి వేరొకటి వేశాను. మూడో రోజు ఆ బండి మళ్లీ వచ్చింది. అసలు దోషం బ్యాటరీ టెర్మినల్ బిగింపులో ఉంది. ఆ యజమాని డబ్బు నేను తిరిగి ఇచ్చాను కాని, ఆయన కూతురి పెళ్లి ప్రయాణం ఆగిపోయిన సంగతిని తిరిగి సరిచేయలేకపోయాను. అప్పటి నుంచి కొలవకుండా ఒక్క సామాను కూడా విప్పకూడదని నియమం పెట్టుకున్నాను.

ముందు మూలసూత్రం చెప్పుకోవాలి. కరెంటు బ్యాటరీ ప్లస్ నుంచి బయలుదేరి, ఫ్యూజు, స్విచ్చు, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు) దాటి, బల్బులోనో మోటారులోనో పని చేసి, తిరిగి బ్యాటరీ మైనస్‌కు చేరాలి. ఇంటి వైరింగులో పోయే తీగ, వచ్చే తీగ రెండూ కనిపిస్తాయి. బండిలో వచ్చే దారి చాలా వరకు బాడీ ఇనుమే, దానినే మనం ఎర్త్ అంటాము. కంటికి కనిపించని దారి కాబట్టి దానిని మరచిపోతాము, సగం దోషాలు అక్కడే దాక్కుంటాయి. జర్మనీ దేశస్థుడైన గేయార్గ్ ఓమ్ 1827లో ప్రకటించిన సూత్రం మీరు పుస్తకంలో చదివే ఉంటారు. వోల్టేజి అంటే కరెంటును నిరోధంతో గుణించగా వచ్చేది. పరీక్ష రాసి మరచిపోవడానికి కాదు, వ్యాను కింద పడుకున్నప్పుడు వాడుకోవడానికే ఆ సూత్రం ఉన్నది.

దారిలో వచ్చే దోషాలు మూడు రకాలు. తీగ తెగిపోవచ్చు, తీగ ఒలిచి బాడీకి తగిలి షార్ట్ కావచ్చు, లేదా దారి ఉండి కూడా ఇరుకు కావచ్చు. మొదటి రెండూ తొందరగానే దొరుకుతాయి. మూడోదే మనుషులను తిప్పలు పెడుతుంది. చిలుము పట్టిన టెర్మినల్, వదులైన ఎర్త్ బోల్టు, లోపల పోగులన్నీ తెగి ఒక్క పోగు మీద వేలాడే తీగ, ఇవన్నీ మూడో రకానికి చెందినవి. డిజిటల్ మీటరు ఈ మూడో రకం దగ్గర అబద్ధం చెప్పినట్లే ఉంటుంది. మీటరు లోపలి నిరోధం సాధారణంగా పది మెగా ఓములు ఉంటుంది కాబట్టి అది తీసుకునే కరెంటు దాదాపు శూన్యం. ఒక్క పోగు మిగిలిన తీగ చివరన కూడా అది నిండు 12 వోల్టులు చూపిస్తుంది, బల్బు మాత్రం వెలగదు. అందువల్ల దారిలో కరెంటు పారుతున్నప్పుడే, అంటే బల్బు వేసి, మోటారు తిప్పి, సెల్ఫ్ కొట్టించి, అప్పుడే వోల్టేజి కొలవాలి. ఈ ప్రసంగంలో ఒక్క వాక్యమే గుర్తుపెట్టుకోగలిగితే దానినే పెట్టుకోండి. పాతకాలపు మేస్త్రీలు రెండు తీగలు కట్టిన బల్బుతో చూసేవారు. ఆ బల్బు తానే కరెంటు లాగుతుంది గనుక ఇరుకు దారిని అది వెంటనే బయటపెడుతుంది. ఈనాటికీ నా పెట్టెలో మీటరు పక్కన ఆ బల్బు ఉంది. అయితే ఎయిర్‌బ్యాగు తీగల మీద దానిని పెట్టకూడదు. ఆ తీగలను సాధారణంగా పసుపు తొడుగుతో గుర్తుపడతారు.

మీటరు తీయడానికి ముందు యజమానిని కూర్చోబెట్టి అడగాలి. పొద్దున్నే స్టార్టు కాదా, ఎండలో తిరిగి ఆగాక కాదా? వర్షం పడిన తరువాత మొదలైందా? ఇటీవల కొత్త హారన్, ఫాగ్ లైట్లు, పాటల బాక్సులు, జి.పి.ఎస్. పెట్టె ఏమైనా బిగించారా? డ్యాష్‌బోర్డు మీద ఏ గుర్తు ఎప్పుడు వెలిగింది? డ్రైవరును కూడా విడిగా అడగాలి, ఎందుకంటే యజమానికి తెలియని సంగతులు అతనికి తెలుస్తాయి.

ఇక బ్యాటరీ సంగతి. బండి ఆపి కొన్ని గంటలు గడిచాక, మంచి బ్యాటరీ రెండు టెర్మినళ్ల మధ్య 12.6 వోల్టులు గాని, కొంచెం ఎక్కువ గాని చూపాలి. 12.4 ఉంటే మూడొంతులు, 12.2 ఉంటే సగం, 12 ఉంటే పావు వంతు చార్జింగ్ మిగిలి ఉన్నట్లు లెక్క. బండి అప్పుడే ఆపినదైతే పైపై చార్జింగ్ వల్ల అంకె ఎక్కువ చూపుతుంది, హెడ్‌లైట్లు ఒకటి రెండు నిమిషాలు వేసి తీసివేసి అప్పుడు కొలవాలి. అంకె బాగున్నంత మాత్రాన బ్యాటరీ బాగున్నట్లు కాదు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు అది 9.6 వోల్టుల కన్నా దిగిపోతే, ముందుగా నిండుగా చార్జ్ చేసి మళ్లీ పరీక్షించాలి. అప్పుడు కూడా దిగిపోతే సెల్ఫ్ మోటారు అవసరానికి మించి కరెంటు లాగడం లేదని చూసుకున్న తరువాతే బ్యాటరీ మార్చాలి.

బ్యాటరీని చలి చంపుతుందని చల్లని దేశాలవారు అనుకుంటారు. మన దగ్గర దానిని చంపేది ఎండ. మే నెలలో కర్నూలులో 42 డిగ్రీలు దాటడం మనకు కొత్త కాదు, బానెట్ కింద వేడి అంతకన్నా చాలా ఎక్కువగా ఉంటుంది. ఆ వేడికి లోపలి నీరు ఆవిరవుతుంది, ప్లస్ పలకల జాలీ తొందరగా తుప్పు పడుతుంది. వేసవిలో ఎండ తిన్న బ్యాటరీ వానాకాలం వరకూ నెట్టుకొచ్చి, ఒక పొద్దున చప్పుడు లేకుండా కూలబడుతుంది. మూతలున్న బ్యాటరీ అయితే నీటి మట్టం నెలకొకసారి చూడాలి, డిస్టిల్డ్ వాటరు మాత్రమే పోయాలి. మన బోరు నీటిలో కరిగిన లవణాలు ఎంత ఎక్కువో మీ ఇంటి కుళాయి మీద పట్టిన తెల్లటి పొరే చెబుతుంది. ఆ నీటిని బ్యాటరీలో పోయడమంటే దానికి మనమే విషం పెట్టినట్లు.

ఇప్పుడు ఒక నిజమైన బండి కథ చెబుతాను. నంద్యాల నుంచి ఒక డీజిల్ వ్యాను వచ్చింది. తాళం తిప్పితే టిక్కుమని శబ్దం వస్తుంది, ఇంజన్ బద్ధకంగా అర చుట్టు తిరిగి ఆగిపోతుంది. అప్పటికే కొత్త బ్యాటరీ వేశారు, సెల్ఫ్ మోటారును విప్పి కార్బన్ బ్రష్‌లు మార్చారు. నేను మీటరు ఎర్ర తీగను ఇంజన్ దిమ్మకు, నల్ల తీగను బ్యాటరీ మైనస్ స్తంభానికి ఆనించి, సెల్ఫ్ కొట్టమన్నాను. అవి రెండూ ఒకే ఎర్త్ కనుక వాటి మధ్య 0.2 వోల్టుకు మించి తేడా ఉండకూడదు. మీటరు 1.8 చూపింది. సెల్ఫ్ లాగుతున్నది 150 ఆంపియర్లు. 1.8ని 150తో భాగించండి, 0.012 ఓము వస్తుంది. ఒక ఓములో నూరో వంతుకు కాస్త పైన ఉన్న ఈ నిరోధాన్ని మీటరులోని ఓము భాగంతో కొలవలేము, కాని 1.8 వోల్టులు దారిలోనే పోవడం వల్ల 270 వాట్ల శక్తి ఆ ఒక్క చోట వేడిగా మారుతున్నది. వేలు పెట్టి చూస్తే ఇంజన్‌కూ బాడీకీ మధ్య ఉండే అల్లిక పట్టీ బిగింపు కాలుతున్నది. ఆ పట్టీని విప్పి, కింద ఉన్న రంగునూ తుప్పునూ గీకి, కొత్త పట్టీ బిగించాము. మళ్లీ కొలిస్తే 0.1 వచ్చింది, ఇంజన్ ఒక్క దెబ్బకు ఎత్తుకుంది. ప్లస్ వైపు కూడా ఇదే విధంగా బ్యాటరీ స్తంభం నుంచి సెల్ఫ్ బోల్టు వరకు చూడాలి, అక్కడ అర వోల్టు వరకు ఒప్పుకోవచ్చు. స్తంభం మీదనే మీటరు ముల్లు పెట్టండి, పైనున్న క్లాంపు మీద కాదు. క్లాంపుకూ స్తంభానికీ మధ్యనే దోషం ఉంటే క్లాంపు మీద పెట్టినవాడికి అది ఎప్పటికీ కనిపించదు. నా తొలినాళ్లలో నేను కనుక్కోలేకపోయిన దోషం కూడా అక్కడిదే.

చార్జింగ్ గురించి కొద్దిగానే చెబుతాను. మనం డైనమో అని పిలిచేది నిజానికి ఆల్టర్నేటరు. అందులో పుట్టే మూడు దశల కరెంటును డయోడ్లు ఒకే దిశకు మలుస్తాయి, రెగ్యులేటరు దాని వోల్టేజిని అదుపులో పెడుతుంది. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ వద్ద 13.8 నుంచి 14.6 వోల్టుల మధ్య ఉండాలి. హెడ్‌లైట్లు, ముందు ఏసీ, వెనుక ఏసీ రెండూ నిండుగా వేసి, ఇంజన్ వేగాన్ని కొంచెం పెంచి మళ్లీ చూడాలి. రెండు ఏసీల వ్యానులో లోడు చిన్న కారు కన్నా చాలా ఎక్కువ కాబట్టి ఖాళీగా ఉన్నప్పుడు తీసిన అంకె చాలదు. ఇప్పటి కొన్ని బండ్లలో డీజిలు, పెట్రోలు ఆదా కోసం కంప్యూటరే చార్జింగ్‌ను తగ్గిస్తుంది, ఆ బండిలో 12.8 కనిపించినంత మాత్రాన డైనమో పోయిందని తీర్మానించకూడదు. మీటరును ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంటు) వోల్టుల వైపు తిప్పి చూసినప్పుడు అర వోల్టు కన్నా ఎక్కువ వస్తే డయోడు పోయిందని అనుమానించాలి. ఇంకొక మాట చేతులు జోడించి చెబుతున్నాను. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి డైనమో పరీక్షించే పాత అలవాటు దయచేసి మానండి. ఆ క్షణంలో వోల్టేజి ఎగిసిపడి బండిలోని కంప్యూటర్లన్నిటినీ కాల్చివేయగలదు.

ఫ్యూజు కాలితే దాని స్థానంలో అదే ఆంపియర్ల ఫ్యూజు వేయాలి. ఎరుపు 10, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. ఫ్యూజు కాపాడేది బల్బును కాదు, తీగను. రాగి పోగు చుట్టి పెడితే తీగే ఫ్యూజు అవుతుంది, అది కాలేది సీటు కింద, తివాచీ కింద, పిల్లల కాళ్ల దగ్గర.

నిలిపి ఉంచిన బండిలో బ్యాటరీ దానంతటదే దిగిపోవడం కుటుంబ వ్యాన్లలో ఎక్కువగా చూస్తాను. ట్రావెల్స్ బండి రోజూ తిరుగుతుంది కాబట్టి ఈ దోషం అందులో బయటపడదు. ఇంటి బండి వారం రోజులు కదలకుండా ఉంటుంది. తాళం వేసిన బండి కూడా గడియారానికి, అలారానికి, కంప్యూటరు జ్ఞాపకానికి కొద్ది కరెంటు తీసుకుంటుంది. అది 50 మిల్లీఆంపియర్ల లోపు ఉంటే పరవాలేదు. రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు (ఒక ఆంపియర్ ఒక గంట పారితే ఒక ఆంపియర్ అవర్) పోయినా 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీ రెండు మూడు వారాలు నిలుస్తుంది. అదే అర ఆంపియర్ అయితే రోజుకు 12 పోతాయి, మూడో రోజుకే సెల్ఫ్ ఎత్తుకోదు.

కడప నుంచి వచ్చిన ఒక కుటుంబం ఏడు సీట్ల వ్యానుకు ఒకే ఏడాదిలో రెండు బ్యాటరీలు మార్చింది. ఆ ఇంటి పెద్దాయన ఆదివారం గుడికి వెళ్లి వచ్చి బండి పెడతాడు, బుధవారం చూస్తే చచ్చి ఉంటుంది. నేను మైనస్ క్లాంపు విప్పి, స్తంభానికీ క్లాంపుకూ మధ్య మీటరును పది ఆంపియర్ల భాగంలో పెట్టాను. ఈ స్థితిలో తాళం తిప్పకూడదు, తిప్పితే మీటరు లోపలి ఫ్యూజు పోతుంది. బానెట్ తెరిచి ఉంచవలసి వస్తుంది కాబట్టి దాని లాక్‌ను స్క్రూడ్రైవరుతో మూసినట్లుగా నొక్కి పెట్టాను, లేకపోతే బండి తాను తెరిచి ఉన్నాననే అనుకుంటుంది. తరువాత తాళం వేసి కూర్చున్నాను. ఇక్కడే చాలామంది ఓపిక పోగొట్టుకుంటారు. కంప్యూటర్లు నిద్రలోకి జారడానికి ఇరవై నిమిషాలు, కొన్ని బండ్లలో నలభై నిమిషాలు పడుతుంది. ముప్పావు గంట తరువాత కూడా మీటరు 420 మిల్లీఆంపియర్ల దగ్గరే నిలిచింది.

అప్పుడు ఫ్యూజులను ఒక్కొక్కటీ పీకితే, మళ్లీ పెట్టినప్పుడల్లా నిద్రపోతున్న కంప్యూటర్లు మేలుకొని లెక్క చెడుతుంది. అందుకే ఫ్యూజును కదపకుండా దాని వీపు మీదున్న రెండు చుక్కల మధ్య మిల్లీవోల్టులు కొలిచాను. కరెంటు పారని ఫ్యూజు మీద సున్నా వస్తుంది. లోపలి లైట్లకూ బాడీ కంప్యూటరుకూ వెళ్లే 10 ఆంపియర్ల ఫ్యూజు మీద మాత్రం 3 మిల్లీవోల్టులు కనిపించాయి. అంతటితో దారి తెలిసింది. పెద్దాయనను అడిగితే, "అవును నాయనా, ఎనక డోరు తెర్సినట్టు గుర్తు ఒకోసారి ఎలుగుతాది, మేము పట్టించుకోల్యా" అన్నాడు. వెనుక డోరుకు వెళ్లే తీగల కట్ట పైన ఒక నల్ల రబ్బరు మడతల గొట్టంలోంచి దాటుతుంది. ఆ గొట్టాన్ని జారదీసి చూస్తే, డోరు వేలసార్లు తెరిచి మూసిన మడత దగ్గర ఒక తీగ తొడుగు పగిలి, రాగి బాడీకి ఆనుతున్నది. డోరు తెరిచి ఉందని బాడీ కంప్యూటరుకు చెప్పే తీగ అదే. లోపలి లైటు స్విచ్చును ఆ ఇంటివారు ఎప్పుడూ ఆఫ్‌లో పెట్టేవారు కాబట్టి లైటు వెలగలేదు, కంప్యూటరు మాత్రం రాత్రీ పగలూ మేలుకొని ఉండేది. తీగకు మెత్తటి కొత్త ముక్క కలిపి, సోల్డరు చేసి, అతుకును మడత పడని చోటికి జరిపి, వేడికి ముడుచుకునే తొడుగు వేశాము. మీటరు 28 మిల్లీఆంపియర్లకు దిగింది. కొత్త బ్యాటరీలు రెండింటికీ పెట్టిన డబ్బు ఆ రబ్బరు గొట్టం ముందు వృథా అయింది.

వ్యానులో ప్రత్యేకంగా చూడవలసిన చోట్లు ఇటువంటివే. వెనుక డోరు గొట్టం, జరిగే తలుపు ఉంటే దాని తీగలు, వెనుక ఏసీ బ్లోయరు స్పీడు రెసిస్టరు ప్లగ్గు, వెనుక లైట్ల ఎర్త్ బోల్టు. బ్రేకు తొక్కితే ఇండికేటరు మసకగా వెలగడం, పార్కింగ్ లైటు వేస్తే బ్రేకు లైటు కూడా సన్నగా కనిపించడం ఆ ఎర్త్ బోల్టు దోషానికి గుర్తు. కరెంటు ఇంటికి వెళ్లే దారి దొరకక పక్క బల్బు గుండా వెళుతున్నదన్న మాట. బేతంచెర్ల, తాడిపత్రి దారుల్లో నాపరాళ్ల దుమ్ము ప్లగ్గుల్లోకి దూరి, తొలకరి తడికి ముద్దయి గట్టిపడుతుంది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ మన ఊరిని ముంచినప్పుడు బురదలో నిలిచిన బండ్లు ఎండబెట్టాక నడిచాయి, కాని నెలల తరువాత కూడా సీటు కింది ప్లగ్గులు పచ్చగా చిలుము పట్టి ఒక్కొక్కటిగా నా దగ్గరకు వచ్చాయి. నీరు చూసిన బండికి ప్లగ్గులన్నీ విప్పి కడిగి ఆరబెట్టాలి, ఒక్కటి కూడా వదలకూడదు. ఎలుకల విషయం మీకు చెప్పనక్కరలేదు, గడ్డివాము పక్కన పెట్టే బండికి బానెట్ ఎత్తి చూడడమే మందు.

బండి కంప్యూటరులోని దోషాల కోడులు చదివే స్కానరు ఉండగా ఇంత శ్రమ ఎందుకని విద్యార్థులు అడుగుతారు. స్కానరు మంచిదే, నేనూ వాడతాను. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 (పొగ కాలుష్య ప్రమాణం) బండ్లలో అది లేకుండా పని కాదు. మన పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా బండ్లు తయారవుతున్నాయి, వాటి మీద పని చేయాలనుకునే పిల్లలు ఇక్కడే ఉన్నారు. కాని స్కానరు కోడు అనుమానితుడి వీధి పేరు చెబుతుంది, ఇల్లు మనమే వెతకాలి. బ్యాటరీ వోల్టేజి దిగిపోయిన బండిలో వోల్టేజి తక్కువని చెప్పే పీ0562 కోడుతో పాటు సంబంధం లేని కోడులు పది వస్తాయి. ముందు బ్యాటరీనీ ఎర్త్‌నూ సరిచేసి, కోడులు చెరిపి, బండి నడిపి, మళ్లీ వచ్చినవాటినే పట్టించుకోవాలి. కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే క్యాన్ తీగల జంటను బాష్ సంస్థ 1986లో పరిచయం చేసింది. ఆ జంటకు రెండు చివర్లా 120 ఓముల నిరోధాలు ఉంటాయి. బ్యాటరీ విప్పి, స్టీరింగు కింది పదహారు కాళ్ల సాకెట్టులో 6, 14 కాళ్ల మధ్య కొలిస్తే 60 ఓములు రావాలి. 120 వస్తే ఒక చివర దారి తెగింది. సున్నాకు దగ్గరగా వస్తే రెండు తీగలూ కలిశాయి. వేల రూపాయల కంప్యూటరు మార్చే ముందు అర నిమిషం పట్టే ఈ కొలత చూడండి.

బయట వేపచెట్టు కింద ఒక వ్యానును పొద్దున తొమ్మిది గంటలకే తాళం వేసి నిలిపాము. దాని మైనస్ వద్ద మీటరు అప్పటి నుంచే కలిపి ఉంది, కంప్యూటర్లు ఈ పాటికి నిద్రపోయి ఉంటాయి. అందులో ఒక దోషాన్ని నేనే ఉద్దేశపూర్వకంగా పెట్టాను. విద్యార్థులు నలుగురు చొప్పున రండి, తలుపు తెరవకుండా ముందు అంకె చదివి కాగితం మీద రాసుకోండి, ఆ తరువాత ఫ్యూజుల వీపు మీద ముల్లు పెట్టడం మొదలుపెడదాం.